జనరల్ కళ్ళు మూసుకోడు

“సోమవారం ఎంక్వైరీలో జనరల్ నోరు విప్పాలి. అందాకా ఆయన ప్రాణం నీ పూచీ,” అన్నాడు నిఘా విభాగం అధికారి కేశవరావు, పెండిల్ హిల్ హోటల్లో ఇడ్లీ తుంచుతూ. “ఆయన్ని చంపాలని చూస్తున్న ముఠాలో మనకో డబుల్ ఏజెంట్ ఉంది. పేరు నీకనవసరం. ప్రమాదమైతే ఫోన్లో ‘బార్బీ క్యాన్సిల్’ అను, బార్బెక్యూ పార్టీ రద్దయినట్టు. వెంటనే వాలిపోతాం.”

మెల్విన్ తలూపాడు. పగలు యూనివర్సిటీ స్టూడెంట్, మిగతా వేళల్లో ఏజెంట్ టి-సెవెన్.

జనరల్ ఎలియాజర్ పసిఫిక్‌లోని సలోరా దీవిని పద్దెనిమిదేళ్ళు మిలిటరీ బూటు కింద ఏలినవాడు. చెరకు తోటల్లో కూలికెళ్ళిన తెలుగువాళ్ళ మనవడు. పదవి పోయాక ఈ దేశానికి పారిపోయి వచ్చి, రౌస్ హిల్‌లోని సేఫ్ హౌస్‌లో ఉంటున్నాడు. తనకు ఆయుధాలమ్మిన విదేశీ ముఠా పేర్లు బయటపెడతానన్నాడు. జ్ఞాపకాలు తెలుగులోనే చెప్తాను, టైపు చేసే కుర్రాణ్ణి పంపండి అన్నాడు. అలా ఆ ఇంట్లో అడుగుపెట్టాడు మెల్విన్.

“తుపాకీతో ఎవడూ దేశాన్ని ఏలలేడు మెల్విన్. ప్రతి మనిషికీ ఓ ఆకలుంటుంది. ఒకడికి పొగడ్త, ఒకడికి పదవి. అదేదో కనిపెట్టావా, గేటు వాడే తీస్తాడు. టైపు చెయ్యి,” అన్నాడు జనరల్ ఓ రోజు.

మెల్విన్ వేళ్ళు ఆగిపోయాయి. అతని గేటు పోయిన ఆదివారమే తెరుచుకుంది.

తెలుగు చర్చిలో, పాటలు పాడే క్వయర్ ముందు వరసలో, పాలరంగు పట్టుచీరలో సోనియా. చూపు తిప్పుకోలేనంత అందం. “మీదేవూరండీ?” అంది. నర్సాపురం అన్నాడు. “అయ్యబాబోయ్, మాది పాలకొల్లేనండి!” అంతే. ఊళ్ళోవాళ్ళ కబుర్ల మధ్య రౌస్ హిల్ పెద్దాయన సంగతి, వీధి పేరుతో సహా వాగేశాడు. నోరెలా కట్టుకోవాలో ట్రైనింగులో ఇంగ్లీషులో నేర్పారు గానీ గోదావరి యాసలో నేర్పలేదు మరి.

ఎంక్వైరీకి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం బెల్ మోగింది. కేకు పెట్టె, ఫ్లాస్కు పట్టుకుని సోనియా! చర్చి నుంచి పెద్దాయన్ని చూడ్డానికొచ్చానంటే గార్డు లోపలికి వదిలేశాడు.

“వందనాలు అంకుల్! మీరొక్కరే ఉంటారని మెల్విన్‌గారు చెప్పారండి. ఈ ఆర్వో, అదేనండి మధ్యాహ్నం, ఫ్రీయే, అందుకని టీ పట్టుకొచ్చేశాను.”

మెల్విన్ వాచీలోని స్కానర్ గుట్టుగా ఆమె వైపు తిప్పాడు. ఆయుధం లేదు. అయినా ఆమెను బయటికి పంపెయ్యాలి. పంపితే తన వాగుడు బయటపడుతుంది. కుర్చీ జరిపి ఆమెకు చోటిచ్చాడు.

సోనియా కప్పుల్లో టీ పోసింది. “ప్రార్థన చేద్దామా అంకుల్?”

అందరూ తలలు వంచారు. ప్రార్థనలో ఓరకంట చూడ్డం సండే స్కూల్ నాటి నుంచీ మెల్విన్‌కున్న పాడలవాటు. ఎన్ని మొట్టికాయలు తిన్నా పోలేదు.

“పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఆహారాన్ని ఆశీర్వదించు...” గొంతులో తేనె ఒలుకుతోంది. ఆమె ఉంగరం మూత తెరుచుకుంది. జనరల్ కప్పులోకి తెల్లటి పొడి రాలింది.

అరవాలి. అరిస్తే, ఈమె ఇక్కడికెలా వచ్చిందని అడుగుతారు. మెల్విన్ మళ్ళీ తల వంచుకున్నాడు.

“ఆమేన్.”

జనరల్ కప్పెత్తాడు. అంచు పెదవికి తాకబోతుండగా మెల్విన్ బల్ల మీదుగా దూకి దాన్ని ఎగరగొట్టాడు. సోనియా గుమ్మంవైపు పరుగెత్తింది. “బార్బీ క్యాన్సిల్!” అని మెల్విన్ ఫోన్లో అరిచాడు. గేటు దగ్గర గార్డు ఆమెను పట్టుకున్నాడు.

వచ్చిన కేశవరావు ఆమెను చూసి తెల్లబోయాడు. “ఈవిడే మన డబుల్ ఏజెంటయ్యా! మనకే డబుల్ ఆడిందన్నమాట. కానీ ఈ అడ్రస్ నేనూ చెప్పలేదే. ఎవరు చెప్పారు?”

మెల్విన్ నోరు తెరవబోయాడు.

“నేనే పిలిచాను,” అన్నాడు జనరల్. “చర్చి పాటలు వినాలనిపించింది.”

కేశవరావు సణుక్కుంటూ ఆమెను తీసుకెళ్ళాడు. మెల్విన్ తల ఎత్తలేకపోయాడు. “సార్, మీరెందుకు...”

“ప్రార్థనలో నేనూ కళ్ళు మూసుకోను. పొడి పడ్డం చూశాను. నువ్వు చూడ్డమూ చూశాను. ఎప్పుడు అరుస్తావా అని కప్పెత్తాను. నా ప్రాణం కన్నా నీ పరువుకే విలువిచ్చి ఆమేన్ దాకా ఆగావు.”

మెల్విన్‌కి తల కొట్టేసినట్టయింది. “తప్పయిపోయింది సార్. పైవాళ్ళకి చెప్పకండి.”

“చెప్పను. చెప్పేస్తే నా దగ్గరింకేం మిగులుతుంది?” జనరల్ కుర్చీలో వెనక్కి వాలాడు. “వేడిగా టీ తాగాలనుంది.”

ఆ దీవిని ఈయన అన్నేళ్ళు ఎలా ఏలాడో మెల్విన్‌కి అప్పుడు తెలిసొచ్చింది. అయినా లేచాడు.

“ఆపరేషన్ సక్సెస్, కంగ్రాట్స్” అని కేశవరావు మెసేజ్ వచ్చేసరికి, ఏజెంట్ టి-సెవెన్ వంటింట్లో చక్కెర డబ్బా వెతుకుతున్నాడు.