తోపు అల, ఊపు అల

“ఇక్కడ భూకంపాలు తెప్పిస్తున్నది ఎవరు?”

డ్యాన్స్ హాలు తలుపు ధడాలున తెరుచుకుంది. పాట ఆగింది. కాలెత్తిన పిల్లలంతా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయారు. గుమ్మంలో ఒక అమ్మాయి. మెళ్లో ఐడీ కార్డు, జుట్టు నిండా సాలెగూడు, కళ్లల్లో నిప్పులు.

డ్యాన్స్ మాస్టర్ చెయ్యెత్తాడు. “నేనేనండీ. కానీ తెప్పించడం లేదు, నేర్పిస్తున్నా.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

“కింద సెల్లార్లో మా సీస్మోమీటర్ పెట్టాం. నేల వెంట్రుకవాసి కదిలినా పట్టేస్తుంది. పొద్దున్నుంచీ మీ గంతుల్నే పడుతోంది. మా భూకంపాల ఆఫీసులో అందరూ కంగారు పడి చస్తున్నారు!”

“అంటే మా బ్యాచ్ మీ ఆఫీసుదాకా ఫేమస్ అయిపోయిందన్నమాట!”

హాలు అతని అమ్మమ్మది. మూలన కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్న ఆవిడ కల్పించుకుంది. “ఒరేయ్, ఆ పిల్లకి ముందు మంచినీళ్లివ్వు. తర్వాత తీరిగ్గా పోట్లాడుకోండి.”

మర్నాడు మాస్టర్ సారీ చెప్పే వంకతో సెల్లార్లోకి దిగాడు. సారీ చెప్పడానికి సెంటు ఎందుకు కొట్టుకున్నాడో అతనికే తెలియాలి.

“ఇదా మీ మెషీను? కుక్కర్లా ఉందే!”

“విజిల్ మాత్రం వెయ్యదు లెండి.” ఈసారి ఆమె నవ్వింది. అతను మెషీను పక్కనే చతికిలబడ్డాడు.

ఏదో ఒకటి అడగాలని అడిగాడు. “అసలు భూకంపం ఎందుకొస్తుందండీ?”

అంతే, ఆమె ముఖం వెలిగిపోయింది. “భూమి పైపొర ఒకే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలు. అవి మెల్లగా కదులుతూనే ఉంటాయి. ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట రాళ్లు ఇరుక్కుపోతాయి. కదలాలి, కదల్లేవు. ఒత్తిడి పెరిగి పెరిగి ఓ రోజు ఫట్‌మని జారతాయి. ఆ అదురే అలలై మనదాకా వస్తుంది.”

“ఎప్పుడు జారతాయో ముందే చెప్పలేరా?”

“ఎవరూ చెప్పలేరు. చెప్తానన్నవాణ్ణి నమ్మకండి. కానీ అలలు రెండు రకాలు. అది తెలిస్తే చాలు, కొంచెం టైం దొరుకుతుంది.”

“మా పిల్లలక్కూడా చెప్పరూ!”

ఆమె వచ్చింది. పిల్లల్ని వరుసగా నిలబెట్టి చివరివాణ్ణి మెల్లగా తోసింది. ఒకరిమీద ఒకరు తూలడంతో ఆ తోపు ముందున్న పిల్లదాకా పాకింది.

“ఇది తోపు అల. వేగం ఎక్కువ, ముందొస్తుంది. ఒక్క కుదుపు, కిటికీల చప్పుడు, అంతే.” తర్వాత ఒక తాడు తీసుకుని పాములా ఆడించింది. “ఇది ఊపు అల. వెనకొస్తుంది. గోడలు కూల్చేది ఎక్కువగా ఇదే. తోపు తెలియగానే అద్దాలకి దూరంగా వెళ్లి బల్లల కింద దూరాలి.”

“తోపు అంటే మా మాస్టారే కదా మేడమ్!” అంది ఒక పిల్ల. మాస్టర్ కాలరెగరేశాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే అతను గోడవారన దిట్టమైన బల్లలు వేయించాడు. ఆ తర్వాత ఆమె టీలన్నీ డ్యాన్స్ హాల్లోనే. ‘మీరు’లు ‘నువ్వు’లయ్యాయి.

అన్నీ బాగున్నాయనుకుంటుండగా, ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆమె ఫోన్లో అంటున్న మాట అతని చెవిన పడింది. “ఈ చోటు పనికిరాదు సార్. మెషీన్ ఇవాళే తీసేస్తున్నా.”

ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోతోందా? ముఖం మాడ్చుకుని హాల్లోకి వచ్చాడు. పిల్లలు ఆట ఆపి అద్దం ముందు కూర్చుని నీళ్లు తాగుతున్నారు.

కాళ్లకింద ఒక్క కుదుపు. కిటికీలు టకటకలాడాయి.

ఎవరూ గెంతడం లేదే!

“తోపు!” అని గావుకేక పెట్టాడు. “బల్లల కిందికి! పదండి!”

పిల్లలు ఎలుకపిల్లల్లా దూరారు. అమ్మమ్మని అమాంతం ఎత్తి తనూ దూరాడు. అప్పుడొచ్చింది ఊపు. హాలంతా ఊయలైంది. నిలువెత్తు అద్దం భళ్లున పగిలి, ఇందాక పిల్లలు కూర్చున్న చోటే కుప్పకూలింది.

ఊపు ఆగగానే అందర్నీ మెట్లమీదుగా బయటి మైదానంలోకి దింపాడు. పిల్లలంతా ఉన్నారు. ఆమె లేదు! సెల్లార్ వైపు పరిగెత్తబోయాడు. ఇంతలో దుమ్ము కొట్టుకుపోయి, ల్యాప్‌టాప్ గుండెకి హత్తుకుని ఆమే బయటికొచ్చింది.

“దొరికింది! ఇంకా మెషీన్ విప్పలేదు! తోపూ, ఊపూ రెండూ పడ్డాయి...” అంటూ పిల్లల్ని చూసి ఆగిపోయింది. “అందరూ...?”

“ఒక్కళ్లకీ గీత కూడా పడలేదు. నువ్వు నేర్పిన మాటే కాపాడింది.”

ఆమె కళ్లవెంట నీళ్లు జలజలా కారాయి. అతనిక ఆగలేకపోయాడు. “వెళ్లిపోతున్నావుగా, ఇంక దాచుకుని ఏం లాభం? నువ్వంటే నాకు ప్రాణం.”

“నేనెక్కడికి వెళ్తున్నా? వెళ్లేది మెషీను! మీ గంతులు మాన్పించలేక దాని చోటే మార్పించా. టీకి ఇక్కడికే వద్దామని...” ఆమె మాట పూర్తికాకుండానే నేల మళ్లీ సన్నగా వణికింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

“ఆఫ్టర్‌షాక్, పెద్దదాని వెనకొచ్చే చిన్నది. ఇంకా కొన్ని రావచ్చు,” అంది మెల్లగా.

“రానీ. చెయ్యి మాత్రం వదలను.”

“నేను వదలమన్నానా?”

పిల్లలు ఈలలు వేశారు. అమ్మమ్మ జుట్టు సర్దుకుంటూ దగ్గరికొచ్చి ఇద్దర్నీ తేరిపార చూసింది.

“అమ్మాయ్, ముందు మీ అమ్మకి ఫోన్ చేసి క్షేమంగా ఉన్నానని చెప్పు. చెప్పాక ఫోన్ నాకివ్వు. ఆవిడతో నాకు కొంచెం పనుంది.”