ఖాసింకు చూపించిన సముద్రం

జెద్దా పాతబస్తీ బలద్‌లో కారు నిలపడానికి చోటు దొరకడమంటే లాటరీ తగలడమే. అందులోనూ శుక్రవారం, జుమ్మా నమాజు అయిపోయి జనమంతా బజారున పడే వేళ. ఇస్సాక్ ఆ వీధీ ఈ వీధీ చుట్టి చుట్టి, చివరికి ఒక నీటి మడుగు పక్కన ఇంత సందు చూసుకుని కారు దూర్చాడు.

"దిగండి, దిగండి. కార్గో ఆఫీసు మూసేలోపల డబ్బాలు ఇచ్చేసి రావల్ల" అన్నాడు.

వెనక సీట్లో కిటికీ పక్కన కూచున్న ఫర్జానా ఇస్సాక్ కూతురు. పదకొండేళ్ళ పిల్ల. ఆమె పక్కన ఉన్నది ఏడేళ్ళ ఖాసిం, వాడి చిన్న చెల్లెలు హలీమా, వాళ్ళమ్మ మహబూబ్బీ. ముందు సీట్లో వాళ్ళ నాయన అల్లాబకాష్. ఈ నలుగురూ దూరాన కొండల మీదున్న ఖమీస్ ముషైత్ నుంచి రాత్రంతా బస్సులో కూచుని ఆ పొద్దునే జెద్దాలో దిగి, పెట్టెలు ఇస్సాక్ ఫ్లాటులో పెట్టారు. రెండు కుటుంబాలదీ రాయచోటి పక్కనే. చుట్టాలు కాకపోయినా చుట్టాలకంటే ఎక్కువ.

ఆ రాత్రికే విమానం. మహబూబ్బీకీ పిల్లలకూ ఫైనల్ ఎగ్జిట్ కొట్టించారు. అంటే వాళ్ళు ఇక ఈ దేశానికి తిరిగి రారు. అల్లాబకాష్ మాత్రం వాళ్ళను విమానం ఎక్కించి, ఒంటరిగా ఖమీస్‌కు మళ్ళీ బస్సెక్కుతాడు.

ఏసీలు బాగుచేసే అల్లాబకాష్‌కు పనికేమీ లోటు లేదు. కానీ బయటి దేశం నుంచి వచ్చినవాడు పెళ్ళాంబిడ్డలను దగ్గర ఉంచుకోవాలంటే తలకింత అని సర్కారుకు కట్టాలని కొత్తగా నియమం పెట్టారు. అది ఏటేటా పెరుగుతోంది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ఫర్జానా వాళ్ళకైతే ఇస్సాక్ పనిచేసే కంపెనీయే కట్టేస్తోంది. అందుకని ఆ పొగ ఫర్జానా కళ్ళకు ఇంకా తగల్లేదు.

ఫర్జానా మనసంతా ఇంటిదగ్గరే ఉంది. పై ఫ్లాటులో ఉండే రిదా పుట్టినరోజు ఆ సాయంత్రమే. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే కేకు కోస్తారు. నాయన చెప్పిన ప్రకారమైతే ముందు బలద్, తర్వాత సముద్రం, ఆ తర్వాతే ఇల్లు. సముద్రం దగ్గరికి పోతే చిన్నపిల్లలు అంత తేలిగ్గా వెనక్కి వస్తారా? అప్పటికి కేకు కాదు కదా, కేకు తెచ్చిన అట్టపెట్టె కూడా మిగలదు.

ఖాసిం గోల వాడిది. వాడు పుట్టి పెరిగిందంతా కొండల మీది ఊళ్ళో. ఇప్పుడు పోబోయే రాయచోటిలోనూ కొండలే తప్ప సముద్రం లేదు. కారెక్కినప్పటి నుంచి అదే పాట.

"అక్కా, సముద్రం ఎంత ఉంటాది?"

"పెద్దగా ఉంటాది."

"మా స్కూలు గ్రౌండంత ఉంటాదా?"

"ఇంగా పెద్దగా."

"మరి కొండంతా?"

"పోయినాక నువ్వే చూస్తావు గదా, కాసేపు ఊరికుండు" అంది ఫర్జానా విసుగ్గా.

మగవాళ్ళిద్దరూ డబ్బాలు దించుకున్నారు. ఊరికి పంపడానికి తాడుతో బిగించి కట్టి, పైన పెద్దక్షరాలతో పేరూ ఊరూ రాసిన అట్టపెట్టెలవి. ఒక కాపురమంతా వాటిలోకి పట్టేసింది. మహబూబ్బీ హలీమాను చంకనేసుకుని దుప్పట్ల అంగడికి పోయింది.

"ఫర్జానా, ఖాసింను చూసుకో. రోడ్డు దాటొద్దండి" అని చెప్పి ఇస్సాక్ కార్గో ఆఫీసు వైపు కదిలాడు.

ఇద్దరూ మడుగు గట్టున నిలబడ్డారు. ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి మడుగది. నీళ్ళు కదలడం లేదు. పచ్చగా, నూనె తేలినట్టుగా ఉన్నాయి. ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ముక్కు మూసుకోవలసి వస్తోంది.

ఖాసిం నీళ్ళకేసి వేలు చూపించాడు. "అక్కా, అదేనా?"

ఫర్జానా కాదు అనబోయింది. అంతలో కేకు గుర్తొచ్చింది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇదైతే అతికే ఉంది. అవి సముద్రం నుంచి వచ్చిన నీళ్ళే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"ఆఁ, అదే సముద్రం. చూసినావు గదా, అయిపాయ."

ఖాసిం గట్టు అంచుదాకా పోయి చూశాడు. ఈ చివరా ఆ చివరా చూశాడు.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే."

వాడు మరేమీ అడగలేదు. పొద్దుటి నుంచీ ఆగని నోరు అక్కడితో ఆగిపోయింది. ఫర్జానాకు హమ్మయ్య అనిపించింది.

పెద్దవాళ్ళు తిరిగి వచ్చాక అందరూ కలిసి పాత వీధుల్లోకి నడిచారు. వెళ్ళిపోయే ముందు పిల్లలకు ఈ పాత ఊరు చూపించాలని ఇస్సాక్ కోరిక. సన్నటి సందులు. అటూ ఇటూ నాలుగైదు అంతస్తుల పాత మేడలు. ప్రతి మేడకూ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు, వాటి నిండా సన్నటి జల్లెడ పని. కొన్ని ఒక పక్కకు ఒరిగిపోతే ఇనుప కమ్మీలు పెట్టి నిలబెట్టారు. తలుపులకు తాళాలు, గడపల మీద దుమ్ము. మెట్ల మీద బక్కచిక్కిన పిల్లులు పడుకున్నాయి.

"ఈ గోడల్లో ఉండేది సముద్రంలోనించి తీసిన రాళ్ళు. పగడపు రాళ్ళంటారు" అన్నాడు ఇస్సాక్.

మామూలుగానైతే ఖాసిం వంద ప్రశ్నలు వేసేవాడు. ఇప్పుడు గోడను ఒకసారి తాకి ఊరుకున్నాడు.

బజారు కూడా కళ తప్పి ఉంది. మూడంగళ్ళు తెరిచి ఉంటే రెండు మూసి ఉన్నాయి. మూసిన షట్టర్ల మీద అద్దెకు ఇస్తామని కాగితాలు అంటించారు. ఎప్పుడు వచ్చినా ఫర్జానాకు బఠాణీలు పెట్టే మలబారు అంగడి ముసలాయన కూడా లేడు.

హలీమా ఒక పెద్ద మేడ ముందు ఆగి తల పైకెత్తింది. "మ్మా, ఈ ఇంట్లో వాళ్ళు యాడికి పొయినారు?"

"యాడికో పొయినార్లే."

"వాళ్ళకు గూడా ఫైనల్ ఎగ్జిట్ కొట్టినారా?"

మహబూబ్బీ పాపను ఎత్తుకుని మొహం భుజానికి ఆనించుకుంది.

సాయంత్రపు అసర్ నమాజుకు పిలుపు వినిపించింది. నమాజు వేళని అంగళ్ళ షట్టర్లు టపటపా దిగాయి. నమాజు అయ్యాక ఇస్సాక్ కారు తీసుకురావడానికి ముందు వెళ్ళాడు. మిగిలినవాళ్ళు వీధి మొగదల నిలబడ్డారు. అల్లాబకాష్ కొడుకు ముందు మోకాళ్ళ మీద కూచుని వాడి చొక్కా గుండీ సరిచేశాడు. ఆ మొహంలో పొద్దుటి నుంచీ లేని వెలుగు.

"ఇంగ పోదామా రా సముద్రం కాడికి? ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళల్లో నిలబెడతా నిన్ను. మాటిచ్చినా గదా."

"చూసినా నాయనా" అన్నాడు ఖాసిం.

"యాడ చూసినావు?"

"అక్క చూపిచ్చింది."

అల్లాబకాష్ చేయి గుండీ మీదే ఆగిపోయింది. "నేను చూపిద్దామనుకుంటినే..." అని, వెంటనే సర్దుకుని నవ్వబోయాడు. "సరేలే. ఎవురు చూపిస్తే ఏమి. బాగుండిందా?"

"లేదు నాయనా. నువ్వు చెప్పినట్ల లేదు. అలలు ఎగిరెగిరి వస్తాయంటివి గదా, ఒక్కటీ రాలేదు. గబ్బు కొడతాంది." ఖాసిం తండ్రి కళ్ళలోకి చూశాడు. "నువ్వు ఊరికే చెప్పినావా?"

వాడికి మాటలొచ్చినప్పటి నుంచి పడుకునేటప్పుడు అల్లాబకాష్ చెప్పిన కథలన్నీ సముద్రం కథలే. ఎప్పటికప్పుడు సెలవు దొరకక, దొరికినప్పుడు చేతిలో ఏమీ లేక, జెద్దా ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. చివరికి మిగిలింది ఈ ఒక్క సాయంత్రం. ఈ జెద్దా సముద్రం ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాడు పాపం, ఊరు తెలియని మనిషి.

పక్కనే ఉన్న ఫర్జానాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. తను అబద్ధం చెప్తే అబద్ధాలకోరు అయింది ఖాసిం వాళ్ళ నాయన.

కారు వచ్చింది. "ఇంగ సముద్రమేనా?" అన్నాడు ఇస్సాక్.

"వద్దులే అన్నా. పిల్లోల్లు అలిసిపోయినారు. ఇంటికే పోదాం" అన్నాడు అల్లాబకాష్. ఈసారి ముందు సీట్లో కూచోలేదు. వెనక కూచుని ఖాసింను ఒళ్ళోకి తీసుకున్నాడు. వాడు మాత్రం కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

మనిషి గుండె బరువెక్కి ఉందేమోలే అనుకుని ఇస్సాక్ కారు ఇంటిదారి పట్టించాడు.

ముందు సీటు ఇప్పుడు ఫర్జానాది. ఇక కేకు అందుతుంది. వేళకు గంట ముందే ఇంట్లో ఉండొచ్చు, గులాబీ రంగు గౌను వేసుకోవచ్చు. కానీ ఆ గౌను తలుచుకుంటే ఏమీ సంతోషం కలగలేదు. అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. అల్లాబకాష్ చేయి ఖాసిం తల మీద ఉంది. ఖాసిం ఆ చేతిని పట్టుకోలేదు. ఈ రాత్రి విమానం ఎక్కితే మళ్ళీ ఆ చేయి వాడికి ఎప్పుడు అందుతుందో. ఫర్జానాకు ఏడుపొచ్చింది.

ఎర్ర లైటు పడింది. కారు ఆగింది.

"నాయనా, అది సముద్రం కాదు" అంది ఫర్జానా.

"ఏది?"

"ఖాసింకు నేను చూపిచ్చింది. కారు పెట్టిన కాడ మడుగుంది చూడు, అదే సముద్రమని చెప్పినా." వెనక్కి తిరిగింది. "ఖాసిం, మీ నాయన చెప్పింది నిజం. నేనే అబద్ధం చెప్పినా."

పచ్చ లైటు పడింది. వెనక బండి హారన్ కొట్టింది.

"ఎందుకు చెప్పినావు?" అన్నాడు ఇస్సాక్.

"రిదా వాళ్ళింట్లో కేకుకు ఆలస్యమైతాదని."

ఆమె తిట్లకు సిద్ధపడే ఉంది. ఇస్సాక్ తిట్టలేదు. కారును కొంచెం ముందుకు తీసి పక్కన ఆపాడు.

"ఇప్పుడు సముద్రం కాడికి పోతే మళ్ళీ ఇంటికి పోయి పెట్టెలు తీసుకుని ఏర్‌పోర్టుకే. నీ కేకుకు పోయేది లేదు. తెలుసు గదా?"

"తెలుసు. పోదాం నాయనా."

ఇస్సాక్ కారు తిప్పాడు.

వాళ్ళు చేరేసరికి సూర్యుడు నీళ్ళకు జానెడు పైన ఉన్నాడు. సముద్రం ఎర్రగా, చివర అనేదే లేకుండా పరుచుకుని ఉంది. అలలు చిన్నవే, కానీ ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తున్నాయి.

ఖాసిం గట్టు దగ్గరే నిలబడిపోయాడు.

"ఇదే ఖాసిం, ఇదీ సముద్రమంటే" అంది ఫర్జానా.

వాడు ఆమె వైపు చూడలేదు. తండ్రి చేయి లాగాడు. "నిజమేనా నాయనా?"

"నిజమే రా."

అప్పుడు గానీ వాడు కదల్లేదు. వాడు నాయనను అడిగిన ఆ మాట ఫర్జానాకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకోకుండా ఎట్లా ఉంటుంది?

అల్లాబకాష్ కొడుకు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. తనదీ మడుచుకున్నాడు. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని నీళ్ళలోకి దిగారు. అల వచ్చి తగలగానే ఖాసిం కెవ్వున అరిచి నాయన నడుము పట్టుకున్నాడు. అల్లాబకాష్ వంగి వాడి చెవిలో ఏదో చెప్తున్నాడు, దూరంగా ఎటో చూపిస్తున్నాడు. ఫర్జానా వాళ్ళ చెప్పులు నాలుగూ ఒకచోట పెట్టి, నీళ్ళలోకి పరిగెత్తబోతున్న హలీమాను పట్టుకుని ఒడ్డునే కూచుంది. వాళ్ళిద్దరి దగ్గరికి పోలేదు. మహబూబ్బీ కూడా పోలేదు. దూరం నుంచే చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

సూర్యుడు మునిగిపోయాడు. నీళ్ళు నల్లబడుతున్నాయి.

"ఇంగ రాండి. ఆలస్యమైతాది" అని పిలిచాడు ఇస్సాక్.

తండ్రీ కొడుకులు తడి కాళ్ళతో పైకి వచ్చారు. ఖాసిం చెప్పులు తొడుక్కుంటూ, "మళ్ళీ ఎప్పుడొస్తాం ఈడికి?" అన్నాడు.

అల్లాబకాష్ తల వంచుకుని ప్యాంటు మడత విప్పుకుంటున్నాడు.

"వచ్చే సెలవులకు వస్తాంలే రా" అంది మహబూబ్బీ.

ఖాసిం అమ్మను చూశాడు. నాయనను చూశాడు. తర్వాత ఫర్జానా వైపు తిరిగాడు. ఆ రోజు వాడికి అబద్ధం చెప్పిందీ, చెప్పానని ఒప్పుకున్నదీ ఆమె ఒక్కతే మరి.

"వస్తామా అక్కా?"

వస్తారులే అనడం ఎంత సులువు. పెద్దవాళ్ళందరూ ఆ మాట కోసమే ఆమె మొహం చూస్తున్నారు. ఫర్జానా నోటిదాకా వచ్చింది కూడా. ఆమె వాడి ముందు కూచుంది.

"తెలీదు ఖాసిం. రాలేరేమో. ఇంగా కొంచేపు చూసుకో."

లేచి నాయన దగ్గరికి పోయింది. "ఇంగా కొంచేపు ఉందాం నాయనా. ఇంటికి పోయినాక పెట్టెలన్నీ నేనే గబగబా కిందికి తెస్తా" అంది.

ఇస్సాక్ రోడ్డు వైపు చూశాడు, అల్లాబకాష్ వైపు చూశాడు. కారు తాళాలు జేబులో వేసుకున్నాడు.

ఖాసిం నాయన చేయి పట్టుకుని మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు.