వెనకనుంచి పిలవకూడదు

ద్వారకానాథ్ చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే రజాక్ అతనితో కొండలకి వచ్చేవాడే కాదు.

అది 1999 నవంబరు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇద్దరిదీ ఒకే ఆఫీసు, పక్కపక్క కుర్చీలు, కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై-టు-కె పని. కొత్త సంవత్సరం రాగానే ఒక్కరినే ఉంచుకుంటామని మేనేజరు చెప్పేశాడు. రెండోవాడు వీసా పోయి ఇంటికే. ఎవరన్నది తేలకుండానే ఇద్దరూ సెలవు పెట్టి స్నోయీ కొండల్లో నడకకి బయల్దేరారు.

తిరుగుదారిలో ఏరు అడ్డొచ్చింది. పొద్దున దాటినప్పుడు మోకాలిలోతే, ఎండెక్కి పైన మంచు కరిగేసరికి నడుం దాకా పొంగింది. అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. జామాయిల్ ఆకుల వాసన. కారు అవతలి ఒడ్డునుంది.

“నీకు ఈత రాదుగా మామా. ముందు నేను దిగి చెక్ చేస్తా, నువ్వు వెనకాల రా,” అన్నాడు రజాక్.

అతని వీపుసంచీ నడుం బెల్టు బిగించే ఉంది. ఏట్లో దిగేముందు అది విప్పాలి. కాలు జారితే సంచీ వదిలించుకుని బతకొచ్చు. ఆఫీసులో ఓ తెల్లాయన ఈ సంగతి చెప్పిన శుక్రవారం రజాక్ నమాజుకి వెళ్ళాడు. ద్వారకానాథ్ విన్నాడు. తన బెల్టు విప్పుకున్నాడు కూడా.

నోరు తెరిచాడు. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదని నాయనమ్మ అనేది. బుద్ధెరిగాక ఆవిడ మాట ఒక్కటీ విననివాడు, ఆ పూట మాత్రం విన్నాడు.

నడిమధ్యలో రజాక్ కాలు జారింది. సంచీ నీళ్ళు తాగి అతన్ని బోర్లా తిప్పేసింది. ఒక్కసారి తల పైకొచ్చింది. ఒడ్డునున్న ద్వారకానాథ్ నడుం దగ్గర వేలాడుతున్న బెల్టు కేసి రజాక్ చూశాడు... మునిగిపోయాడు.

ద్వారకానాథ్ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే ఉద్యోగం ఇక తనదేననీ అనుకున్నాడు, మనిషి బుద్ధి మరి. పొద్దు వాలింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. నీళ్ళు కాస్త తగ్గాయనిపించి దిగాడు. బెల్టు విప్పే ఉందని మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకున్నాడు.

నడిమధ్యకొచ్చేసరికి రాళ్ళ చప్పుడు ఆగిపోయింది.

వెనక ఎవరో దిగిన అలికిడి. తన అడుగులో అడుగేస్తూ... దగ్గరగా... శుక్రవారాలు రజాక్ పూసుకునే అత్తరు వాసన.

“రజాక్?”

తల తిప్పకుండానే మళ్ళీ బెల్టు తడుముకున్నాడు.

“చెబుదామనే అనుకున్నా రా...” గొణిగాడు.

తెల్లగా నానిన రెండు చేతులు వెనకనుంచి వచ్చాయి. వాటికి తొందరేం లేదు. బెల్టు కొసలు వెతికి పట్టుకున్నాయి.

టక్.

ద్వారకానాథ్ దిగువన దొరికాడు, బెల్టు బిగించుకుని. రజాక్ మాత్రం దొరకనే లేదు. అతని సంచీ అవతలి ఒడ్డున ఓ రాతికి ఆనించి ఉంది. ఒక్క చుక్క తడి లేదు. దాని నడుం బెల్టు ఎవరో విప్పి పెట్టారు.