గుమ్మానికి అడ్డం

"సీజన్ కాని రోజుల్లో ఆ మంచు ఊళ్ళో ఏముంటుందే? అరిచినా పలికే నాథుడుండడు!"

పొద్దున బస్సెక్కే ముందు జుమాగుల్ అన్న మాట అది.

"సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం కదమ్మా! నీకు కల్లో కూడా కీడే!" కూతురు ఐపెరి పకపకా నవ్వింది.

ఇప్పుడు... జుమాగుల్ పరుగెత్తుతోంది!

ముందు తెల్ల కారు. వెనకద్దం మీద ఐపెరి అరచెయ్యి!

తాళాలేసిన హోటళ్ళు. కొండెక్కించే రోప్‌వే ఆగిపోయి, తీగకు వేలాడే ఖాళీ కుర్చీలు. మంచులేని వాలులో ఆవులు. అడ్డుపడే మనిషే లేడు.

ఒకే ఒక్క టాక్సీ! ఎక్కి కూలబడింది.

"ఆ కారు వెనకే పోనివ్వు తమ్ముడూ! నా బిడ్డనెత్తుకుపోతున్నారు!"

"పెళ్ళికేగా అక్కా? చంపడానికి కాదుగా!" పొద్దుతిరుగుడు గింజలు నములుతూ అన్నాడు డ్రైవర్.

"నీ చెల్లెలైతే?"

నమలడం ఆగింది. కారు ముందుకు దూకింది.

"తెల్ల ముసుగు కప్పేలోపు చేరాలి. కప్పారా... ఇక పెళ్ళైపోయినట్టే!" గేరు మారుస్తూ అన్నాడతను.

మలుపు. బురద. గేటు!

వాకిట్లో అప్పుడే పెళ్ళి మాంసం ఉడుకుతోంది.

"రండి అత్తగారూ! టీ తాగి పోదురు!"

మక్సత్! మధ్యాహ్నం కొండ దగ్గర ఐపెరితో కబుర్లాడినవాడే!

తలుపు తీసే ఉంది. లోపల ఐపెరి. ఇద్దరు ఆడవాళ్ళు తల మీదికి ముసుగు తెస్తుంటే తోసేస్తోంది.

"అమ్మా!"

గుమ్మానికి అడ్డంగా మక్సత్ నాయనమ్మ పడుకుని ఉంది. కళ్ళు మూసుకుని.

"అవ్వను దాటగలిగితే తీసుకుపోండి. మేమాపం!" మక్సత్ నవ్వుతున్నాడు.

పెద్దల్ని దాటితే ఉసురు తగులుతుంది. ఆ భయాన్ని కూతురికి ఉగ్గుతో పోసింది జుమాగులే.

"దాటి వచ్చెయ్ తల్లీ!"

"కాలు రావట్లేదమ్మా!"

తనే దాటబోయింది. ఎత్తిన కాలు... గాల్లోనే ఆగిపోయింది!

జుమాగుల్ మోకాళ్ళ మీద కూర్చుంది. ముసలామె చెవి దగ్గర నోరు పెట్టింది.

"అవ్వా... నిన్నూ ఇలాగే ఎత్తుకొచ్చుంటారుగా... ఆ రోజు, మీ అమ్మ వచ్చిందా?"

ముసుగు ఐపెరి జుట్టును తాకింది!

"చెప్పవ్వా... వచ్చిందా?"

మూసిన రెప్పల కింద తడి.

మక్సత్ నవ్వు ఆగిపోయింది.

ముసలామె కాళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. గుమ్మంలో దారి పడింది!

"రాలేదు. చీకటి పడేదాకా చూశాను. తర్వాత నేనే ఏడుపాపేశాను... నువ్వు నీ బిడ్డను తీసుకుపోవే, తల్లీ."