గొళ్ళెం చప్పుడు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది ముసలామె అరచెయ్యి గోడ మీద రాసుకుంటూ వెళ్ళే చప్పుడు. కంటి నరం ఎండిపోయిందని డాక్టరు చేతులెత్తేసిన దగ్గర్నుంచి ఆమెకు గోడే దారి. మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి స్నానాలగది దాకా, చెయ్యి ఆనినంత మేరా తెల్లగోడ మీద మట్టిరంగు చార పడింది. కోడలు తడిగుడ్డ పెట్టి తుడిచేది. అత్త మళ్ళీ వేసేది. వాళ్ళిద్దరి మధ్యా మిగిలిన మాటామంతీ దాదాపు అదే.

ఆ రోజు కోడలు టీ వడపోస్తోంది. కూతురు ఒంటికాలి మీద గెంతుతూ గదులన్నీ వెతుకుతోంది.

"అమ్మా, నా లావుచెప్పు ఏదీ? సన్నచెప్పు ఇక్కడే ఉంది, దాని మొగుడే ఎటో పోయాడు."

"మంచం కింద చూడవే. గెంతకు, పడతావు."

"పడ్డ కాలేగా, కొత్తగా పడేదేముంది?"

ఎడమ చెప్పు అడుగు మూడు వేళ్ళ మందం. అది లేకపోతే పిల్ల ఒక పక్కకు ఒరిగిపోతుంది. పిల్ల పనిచేసేది ఫోనులో జనానికి సమాచారం చెప్పే ఆఫీసులో. "ఫోనులో నేను మహా తిన్నగా నడుస్తాను తెలుసా" అని తనమీద తనే జోకులేసుకుంటూ ఉంటుంది. ఆ జోకులకు ఆ ఇంట్లో నవ్వేవాడు లేడు.

ఇంటాయనకు ముందుగదే దుకాణం. పాత వీడియో క్యాసెట్లను డీవీడీలుగా మార్చడం అతని పని. వీధిలో డిస్కులాయన అంటారు. ఒకప్పుడు భుజాన కెమెరా వేసుకుని పెళ్ళిళ్ళకు వెళితే పెళ్ళికొడుకు కంటే ముందు అతనికి కుర్చీ వేసేవారు. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉంది. అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు చచ్చిపోయిన తమవాళ్ళను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళే.

ముసలామె గోడ పట్టుకుని దుకాణం గుమ్మం దాకా వచ్చింది. రెండో చేతిలో నల్లటి క్యాసెట్టు ఉంది.

"ఒరేయ్, ఇది తీసుకో."

చూడగానే పోల్చుకున్నాడు. పిల్ల నడక మొదలుపెట్టిన రోజుల్లో మేడ మీద తీసింది. కెమెరా కొని అప్పటికి నెల కాలేదు. తీస్తుండగానే పిల్ల మెట్ల మీదనుంచి దొర్లిపోయింది. ఎముక అతికింది గానీ కాలు ఎదగలేదు. ఆ మర్నాడే అతని తల్లి క్యాసెట్టును తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకుంది. 'ఇది చూస్తే గుండె ఆగిపోతుంది, ఎవరూ ముట్టుకోవద్దు' అంది. ఎవరూ అడగలేదు కూడా. ఆ మేడ ఇల్లు వదిలి అద్దె ఇళ్ళు మారినా పెట్టె ఆమె మంచం కిందే ఉంది.

"ఇప్పుడెందుకమ్మా ఇది?"

"మన పిల్ల తిన్నగా నడిచింది ఒక్క ఇందులోనేరా. కళ్ళున్నప్పుడు చూసుకోలేదు. ఇప్పుడు వినాలని ఉంది. నువ్వు చూస్తూ చెప్పు. ఎవరెక్కడున్నారు, ఎవరేం చేస్తున్నారు, ఒక్కటీ వదలకుండా చెప్పాలి."

"రేడియోలో ఆట చెప్పినట్టా నానమ్మా?" చెప్పు దొరికిన కూతురు వెనకనుంచి అడిగింది.

"అట్లాగేనే తల్లీ."

"అదేం పెద్ద పని కాదు" అన్నాడతను. పని మాటొస్తే అతని గొంతుకి కాస్త ప్రాణం వచ్చేది. "డిస్కులో రెండు ట్రాకులు పెడతాను. ఒకటి అసలు చప్పుడు, రెండోది నా మాట. రిమోట్లో బటన్ నొక్కితే ఇదీ, మళ్ళీ నొక్కితే అదీ."

వంటింటి గుమ్మంలో కోడలు టీ గ్లాసుతో నిలబడిపోయింది. "ఎందుకత్తయ్యా అదంతా మళ్ళీ తవ్వుకోవడం?"

"నీకెందుకే? మేడ గేటుకి గొళ్ళెం వెయ్యడం మర్చిపోయి పిల్ల కాలు తీసినదానివి. చూడ్డానికి నీకు మొహం లేకపోతే చూడకు."

ఆ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. పప్పు మాడినా పాలు పొంగినా చివరికి అక్కడికే వచ్చేది. కోడలు గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అతను ఎప్పటిలాగే ఏమీ వినపడనట్టు క్యాసెట్టు మీద దుమ్ము ఊదాడు.

మధ్యాహ్నం కూతురు ఆఫీసుకి పోయాక దుకాణం తలుపు మూసి, దానికి దుప్పటి వేలాడదీశాడు. ఫ్యాను ఆపాడు. మైకు పెట్టుకునే ముందు ఒకసారి ఉత్తినే చూద్దామని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని క్యాసెట్టు తిప్పాడు.

బొమ్మ కాసేపు వణికి నిలబడింది. మేడ, ఆరేసిన బట్టలు, మెట్ల దగ్గర ఇనుప గేటు. పిల్ల కోసమే పెట్టించిన గేటు అది. బావమరిది స్టూలు పక్కన నిలబడి వేషాలేస్తున్నాడు. భార్య పాలు తెస్తానని చెప్పి గేటు దాటింది. దాటి, వెనక్కి తిరిగి, ఊచల మీదుగా చెయ్యి చాపి గొళ్ళెం వేసింది. వేసి, ఒకసారి లాగి చూసింది కూడా.

అతను టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ చూశాడు. గొళ్ళెం వేసింది.

తరవాత పిల్ల నడిచింది. గోడ వదిలేసి, రెండు చేతులూ గాలిలో పెట్టి, తిన్నగా తండ్రి మీదకే వచ్చింది. సరిగ్గా ఆ వెనకే, బొమ్మ అంచున, తన తల్లి గేటు దగ్గరికి వెళ్ళింది. బకెట్లతో. ఠంగుమని గొళ్ళెం లేచింది. ఆమె దిగిపోయింది. గేటు బార్లా ఉండిపోయింది.

ఆ తరవాత కెమెరా బావమరిది వైపు తిరిగింది. వాడు స్టూలు నెత్తిన పెట్టుకుని గంతులేస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. ఒక్కసారిగా ఏదో దొర్లిన చప్పుడు, ఒక గ్లాసు పగిలిన చప్పుడు. బొమ్మ నేలకు పడింది. చెప్పులు, సిమెంటు. తన గొంతే, చెవులు చిల్లులు పడేటట్టు: "గొళ్ళెం వెయ్యలేదా నువ్వు?"

హెడ్‌ఫోన్లు తీసేశాడు.

చాలాసేపు కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. కళ్ళు పోయిన ముసలిదాన్ని ఇప్పుడు నిలబెట్టి అడిగి ఏం సాధించాలి? ఇంకెన్నాళ్ళుంటుంది? భార్య సంగతంటారా, దానికి మాట పడటం అలవాటైపోయింది. ఇవాళ కొత్తగా ఏమవుతుంది? మగవాడు పిరికితనానికి మంచితనం చొక్కా తొడగాలనుకుంటే గుండీలు తొందరగానే దొరుకుతాయి.

మైకు దగ్గరికి లాక్కున్నాడు. పిల్ల నడకను బాగానే చెప్పాడు, గొంతు కూడా జీరబోయింది. తల్లి గేటు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి, "అదిగో బావమరిది, నెత్తిన స్టూలెత్తాడు చూడు, పిచ్చి వెధవ" అన్నాడు. వాడింకా స్టూలు ముట్టుకోనేలేదు. వెనక చప్పుడును బాగా తగ్గించి తన మాటను దానిమీద కూర్చోబెట్టాడు. పిల్ల పడకముందే టేపు కోసేశాడు. రిమోట్లో ట్రాకు మార్చే బటన్ మీద తల్లి వేలికి తెలిసేటట్టు అగ్గిపుల్ల ముక్క అతికించాడు. కొడుకు ఎంత శ్రద్ధగలవాడో చూడండి!

మర్నాడు సాయంత్రం నలుగురూ టీవీ ముందు కూర్చున్నారు. కోడలు మూలగా, తలుపుకి ఆనుకుని కూర్చుంది. రెండో ట్రాకు మొదలైంది. 'పిల్ల గోడ వదిలేసిందమ్మా... నడుస్తోంది... నా వైపే వస్తోంది' అంటోంది డిస్కులో అతని గొంతు. ముసలామె నోరు తెరిచి వింటోంది. ప్లేయరు పక్కనే కూర్చున్న కూతురు తెరను చూస్తూ, కింద పెట్టిన కాలిని చేత్తో పట్టుకుంది.

"నేనేనా అది?" అంది. జోకేమీ దొరకలేదు.

బావమరిది, స్టూలు వచ్చాయి. ముసలామె వేలు అగ్గిపుల్లను తడిమింది.

"వెనక్కి తిప్పవే తల్లీ."

మొదటి ట్రాకు. పిల్ల కేరింత, నవ్వులు, ఠంగున ఇనుప చప్పుడు.

"మళ్ళీ తిప్పు." రెండో ట్రాకు. అక్కడ అతని మాట తప్ప ఏమీ లేదు.

"ఆ చప్పుడు మీద నీ మాట పెట్టావేంరా?"

"ఏ చప్పుడమ్మా? ఏదో బకెట్టు తగిలి ఉంటుంది."

కోడలు తలెత్తింది. "ఏ బకెట్టు?"

"ఏదో ఒకటిలేవే..."

"మీరు చెప్పినదాంట్లో బకెట్టు లేదు. ఏ బకెట్టు?"

అతను రిమోటు కోసం చెయ్యి చాపాడు. ముసలామె ఇవ్వలేదు. కోడలు లేచి టీవీకి మొహం ఆనేంత దగ్గరగా వెళ్ళింది. "మళ్ళీ వెయ్యవే" అంది కూతురితో. చూసింది. ఇంకోసారి చూసింది. మొదట తన చెయ్యి గొళ్ళెం వెయ్యడం, తరవాత ఇంకో మనిషి తియ్యడం.

"వేశాను" అంది. గొంతు ఎవరిదోలా ఉంది. "వేశాను, లాగి కూడా చూశాను."

"అమ్మా" అంది కూతురు, "చిన్నప్పుడు నన్ను పక్కలో వేసుకుని నిద్రలో 'వేశాను, వేశాను' అని కలవరించేదానివి. ఏం వేశావో నాకెప్పుడూ అర్థం కాలేదు."

ముసలామె రిమోటు ఒళ్ళో పెట్టుకుంది. "గేటు తీసింది నేనే" అంది. "తీసింది ఎవరని ఎవరూ అడగలేదు. నువ్వు పాలగ్లాసుతో మెట్లెక్కుతూ కనిపించావు. మొదటి మాట వీడన్నాడు, రెండో మాట నేనన్నాను. ఆ తరవాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. కళ్ళున్నన్నాళ్ళూ ఆ పెట్టెకు కాపలా కాశాను. కళ్ళు పోయాక నాకు కనిపించేది ఆ గేటొక్కటే. నా నోటితో చెప్పలేక, వీడైనా చూసి చెప్తాడనుకున్నాను."

"మరి నిన్న పొద్దున కూడా నాకు మొహం లేదన్నారుగా అత్తయ్యా?"

"అన్నాను. నోటికి అలవాటైపోయింది."

"నా కాళ్ళ దగ్గరే వచ్చి పడింది పిల్ల. అప్పుడు నాకు కూడా అనుమానం వచ్చింది, వెయ్యలేదేమోనని. ఇంతమంది అంటుంటే వెయ్యలేదు కాబోలని నమ్మాను. నా కడుపున పుట్టినదాన్ని నేనే కుంటిదాన్ని చేశానని రోజూ నమ్మాను."

"ఇప్పుడు తెలిసింది కదా, ఊరుకో" అన్నాడు అతను.

కోడలు అతని వైపు తిరిగింది. అంత తిన్నగా మొగుడి మొహంలోకి చూసి ఆమెకెన్నాళ్ళయిందో.

"ఈ బొమ్మ తీసిందెవరు?"

అతను కళ్ళు తెర మీదకి తిప్పుకున్నాడు.

"గేటు బార్లా తెరిచి ఉందని ఈ డబ్బాలో నాకు ఇంత బాగా కనిపిస్తోంది. ఆ రోజు ఇదే బొమ్మకి కన్ను ఆనించి నిలబడ్డది ఎవరండీ? సరే, ఆ రోజు చూడలేదు. నిన్న చూశారుగా? చూసి కూడా నామీద ఉంచేశారు."

ఇన్నేళ్ళూ అతను భార్యను అడిగిన ప్రశ్న ఒకటే. దాని జవాబు తన కంటికి జానెడు దూరంలో నడిచి వెళ్ళింది. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఏవీ మాట్లాడలేదు. గోడ మీద చారను ఎవరూ తుడవలేదు.

ఒక పొద్దున కోడలు దుకాణంలోకి వచ్చింది. ముసలామె గోడను కాకుండా ఆమె మోచేతిని పట్టుకుని వచ్చింది. వెనకే చెప్పు చప్పుడు చేసుకుంటూ కూతురు.

"మైకు పెట్టండి. ఈసారి నేను చెప్తాను. కోసేసిన ముక్క కూడా అతికించండి."

"అది వద్దులేవే..."

"అతికించండి."

దుప్పటి వేలాడదీశాడు, ఫ్యాను ఆపాడు. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి కోడలు తెర ముందు నిలబడింది. తడుముకుంటూనే మొదలుపెట్టింది. బట్టలు ఏ రంగువో, ఎండ ఎటు పడుతోందో, పిల్ల గౌనుకి ఊడిన గుండీతో సహా చెప్పింది. "ఇప్పుడు నేను కిందికి వెళ్తున్నాను. గొళ్ళెం వేశాను." తెర మీద పిల్ల గోడ వదిలింది. "పాప నడుస్తోంది. రెండు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి."

కూతురు అమ్మ భుజం పట్టుకుంది.

"అత్తయ్య వచ్చారు." ముసలామె కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకుంది. కోడలు తెరకి ఇంకా దగ్గరగా వంగింది. "రెండు చేతుల్లోనూ నిండు బకెట్లు. మోచేత్తో గొళ్ళెం ఎత్తారు. మళ్ళీ వెయ్యడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు."

అతను ఆ సంగతి గమనించనేలేదు. ఎన్నిసార్లు తిప్పి చూశాడో, కానీ మోచెయ్యి అతని కంటికి ఆనలేదు.

"కెమెరా పట్టుకున్న మనిషికి కన్ను ఖాళీ లేదు" అంది కోడలు. "నేను ఈ బొమ్మలో లేను."

దొర్లిన చప్పుడు వచ్చింది. గ్లాసు పగిలింది. అతని అరుపు మొత్తం వినపడేదాకా మైకు ముందు పెదాలు బిగించి నిలబడింది.

ముసలామె వెక్కి వెక్కి ఏడుస్తూ గాలిలో చెయ్యి చాపింది. కోడలు వెంటనే అందుకోలేదు. కాసేపు ఆ చేతిని చూసింది. తరవాత పట్టుకుంది.

ఏడుపంతా ట్రాకులోకి ఎక్కుతోంది. ఇంకెవరిదైనా అయితే ఆపి, మళ్ళీ మొదటినుంచి చెప్పమనేవాడు. అతను తల వంచుకుని, అట్లాగే తిరగనిచ్చాడు.