ఒక్క అయిదు నిమిషాలు

ప్రభాకర్ నోరు తెరవగానే శ్రావణి గుర్తుపట్టేసింది. అతని మొహం చూడటం అదే మొదటిసారి. ఆ గొంతు మాత్రం ఆమెకు బాగా తెలుసు.

భద్రాచలంలో శిక్షణ తరగతులు మొదలైన ఉదయం అది. కళాబృందాలను నడిపేవాళ్ళకి మేనేజ్‌మెంటూ, అడ్వకసీ నేర్పిస్తానని నిర్మలాదేవి మేడమ్ హైదరాబాద్ నుంచి వచ్చింది. అడ్వకసీ అంటే మన కోసం మనం గట్టిగా మాట్లాడటమేనని ముందే చెప్పేసింది. కోలాటం వాళ్ళు, డప్పుల వాళ్ళు, నాటకాల వాళ్ళు హాల్లో గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరే లేచి పరిచయం చేసుకుంటున్నారు.

"నమస్తే. నా పేరు ప్రభాకర్. ఖమ్మంల మున్నేరు కళా సమితి సెక్రటరీని. జిల్లాకి ఏ సారొచ్చినా స్వాగతానికి బృందాల్ని పిలిచేది నేనే. నా గురించి ఒక్క అయిదు నిమిషాల్ల చెప్పేస్త."

"మీ అయిదు నిమిషాలంటే ఎంతసేపండీ?" అని అవతలి వైపు నుంచి ఎవరో అడిగారు.

అందరూ అటు తిరిగారు. జడలో కనకాంబరాలు పెట్టుకున్న అమ్మాయి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మొన్న ఎండాకాలం మా కోయోళ్ళ కొమ్ము డ్యాన్స్ బృందాన్ని హెలిప్యాడ్ కాడ నిలబెట్టిన్రు. ఫోన్ చేసినప్పుడల్లా 'ఒక్క అయిదు నిమిషాలు, సార్లు వస్తున్నరు' అన్నరు. పొద్దుగాల నిలబడితే పొద్దు తిరిగేదాక ఎవ్వరూ రాలే. మా అమ్మ కండ్లు తిరిగి పడిపోయింది. దవాఖానాకి తీస్కపోయినం."

ప్రభాకర్ ఆమె వైపు రెండడుగులు వేశాడు. "పగిడయ్య గారి బృందమా? కానీ నాతోని మాట్లాడింది రమణ కదా."

"రమణ మా అన్న. స్పీకర్ పెడితే పక్కన నిలబడి విన్నది నేను. శ్రావణి నా పేరు."

ప్రభాకర్ పరిచయం అక్కడితో అయిపోయింది. అయిదు నిమిషాలు అక్కర్లేకపోయింది పాపం.

శ్రావణి కోపం ఉత్తి కోపం కాదు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ కన్నమ్మ పాట మానేసింది. ఆమె ఎత్తుకోనిదే ఆడవాళ్ళ వరస కదలదు. తండ్రి పగిడయ్య అడవిదున్న కొమ్ముల తలపాగాకి గుడ్డ చుట్టి అటకమీద పెట్టేశాడు. వచ్చేవారం వంతెన శంకుస్థాపనకి మంత్రిగారు వస్తున్నారని మళ్ళీ కబురొస్తే, కూతురు బతిమాలగా బతిమాలగా ఒప్పుకున్నాడు. "ఇదొక్కసారే బిడ్డా. మళ్ళ గట్లనే ఎండల నిలబెడితే ఇగ మన ఇంట్ల కొమ్ము కట్టేది లేదు" అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. ఆ కబురు పంపింది కూడా ఈ ప్రభాకరే.

మధ్యాహ్నం నిర్మలాదేవి మేడమ్ జంటలు కట్టించింది. ఒకరు ఆఫీసరు, ఒకరు బృందం నాయకుడు. ఆవిడకి ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలో బాగా తెలుసు. శ్రావణిని ఆఫీసరుని చేసి, ఎదురుగా ప్రభాకర్‌ని నిలబెట్టింది.

"తమరు పెద్దలు, కళలంటే ప్రాణమిచ్చేటోళ్ళు, తమరి దయవల్ల..." అని మొదలుపెట్టాడతను.

"ఒక్క అయిదు నిమిషాలు నిలబడండి" అంది ఆఫీసరు. అని పెన్ను మూతతో ఆడుకుంటూ కూర్చుంది. టీ బెల్లు కొట్టారు. లేచి వెళ్ళిపోయింది. టీ తాగింది, మిరపకాయ బజ్జీలు తిన్నది, కోలాటం వాళ్ళతో కబుర్లాడింది.

తిరిగొచ్చి చూస్తే ప్రభాకర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"అయ్యో, పోలేదా?"

"మీరు నిలబడమన్నరు కదా."

"కాళ్ళు నొస్తున్నయా?"

"అవ్."

"మంచిగైంది" అంది. అని, కొంగు చాటున తెచ్చిన రెండు బజ్జీలు అతని చేతిలో పెట్టింది. నిలబడతాడని తెలియకుండానే బజ్జీలు ఎందుకు తెచ్చిందో, ఆ సంగతి ఆమెనే అడగాలి.

"చూశారా?" అంది మేడమ్ అందరితో. "పొగడ్తలతోనే పుణ్యకాలం అయిపోయింది. అడిగేది మొదట చెప్పండి, కారణం తర్వాత చెప్పండి. పొగడ్త అసలొద్దు."

సాయంత్రం వాన పట్టుకుంది. హాలు మెట్ల మీద ఇద్దరూ ఒకే చూరు కింద ఇరుక్కున్నారు. మాటల్లో తెలిసింది, అతనిదీ చర్ల పక్కన కోయ పల్లేనట. చిన్నప్పుడే హాస్టల్‌కి పంపారు.

"కోయ మాట్లాడొస్తదా?"

"వింటే అర్థమైతది. నేను మాట్లాడితే అందరు నవ్వుతరు."

"అయితే మా ఇంటికొచ్చి మాట్లాడు. మా అమ్మ నవ్వక చాన దినాలైంది" అంది శ్రావణి. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె చూసుకోలేదు. అతను చూసుకున్నాడు.

తర్వాత అతనే అన్నాడు. "అమ్మ పడిపోయిందని నాకు ఎవ్వరూ చెప్పలే శ్రావణీ. నేనూ అడగలే. తప్పు నాదే."

వాన తగ్గినా ఇద్దరూ లేవలేదు.

శంకుస్థాపన రోజు తెల్లారి ప్రభాకర్ అందరికంటే ముందు హెలిప్యాడ్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడి పని చూస్తున్న ఆఫీసరుని నేరుగా అడిగాడు. "కళాకారులకి టెంటు కావాలె సార్. ఎండల నిలబడలేరు."

"ఏర్పాట్లు అయిపోయినయ్. రెండు దిక్కులా లైన్ కట్టించు. ఇప్పుడే" అన్నాడాయన.

ప్రభాకర్ పక్కకి వచ్చి ఫోన్ తీశాడు. "శ్రావణీ, మీరు ఇక్కడికి రావొద్దు."

శ్రావణి జీపు ఎక్కబోతూ ఆగిపోయింది. నాయిన కొమ్ములు దించి తుడిచాడు. వరసలో ఆడకపోయినా చూస్తానని అమ్మ కూడా వచ్చి జీపులో కూర్చుంది. "అడిగే ధైర్యం లేక మమ్మల్నే వద్దంటున్నవా?"

"అడిగిన. ఇయ్యనన్నరు. ఇప్పుడు నా మాట విను. రోడ్డు పక్కన బడి ఉంది, వరండాల కూసోండి. నీళ్ళు, అరటిపండ్లు పంపిన. హెలికాప్టర్ దిగినంక పిలుస్త. అప్పటిదాక ఎవరు రమ్మన్నా రావొద్దు. నేను రమ్మన్నా రావొద్దు."

మంత్రిగారు ఎప్పటిలాగే చాలా ఆలస్యంగా దిగారు. దుమ్ము సర్దుకునేసరికి రెండు వైపులా ఖాళీ. ఆఫీసరు మొహం ఎర్రబడింది. "డ్యాన్సోళ్ళు ఏరి?"

ప్రభాకర్ ముందుకొచ్చి, మంత్రిగారి ఎదుటే చెప్పాడు. "ఒక్క అయిదు నిమిషాలు సార్. కళాకారులు వస్తున్నరు."

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. "రానియ్యి. లేటొచ్చింది నేను కదా" అని అక్కడున్న కుర్చీలో కూర్చున్నాడు.

మంత్రిగారు మీకోసం కూర్చున్నారని ప్రభాకర్ శ్రావణికి ఫోన్ చేశాడు. బడివైపు నుంచి డోళ్ళ చప్పుడు మొదలైంది. ముందు పగిడయ్య, తలమీద కొమ్ములు, వెనక మగవాళ్ళు. ఆ వెనక ఒకరి నడుం మీద ఒకరు చేయి వేసుకుని ఆడవాళ్ళ వరస. వరస మధ్యలో శ్రావణి పక్కన కన్నమ్మ ఉంది. పాట ఎత్తుకున్నది ఆమే. ఆ గొంతు విని పగిడయ్య ఒక్క అడుగు తప్పాడు. మళ్ళీ అందుకున్నాడు.

ఆట అయిపోయాక శ్రావణి చెమట తుడుచుకుంటూ వచ్చింది. "మంత్రి మన కోసం ఎదురుచూస్తుండంటే అమ్మకి నవ్వాగలే. నవ్వుకుంటనే లేచింది. ఆ ఆఫీసరు నిన్నేమన్నడు?"

"ఇగ మా సమితిని పిలవడంట."

"మరెట్ల?"

"మీ బృందం ఉంది గదా, దాని పనులు చూస్కుంట. నేర్చుకున్నది ఎక్కడన్న చెయ్యాలె" అన్నాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. అతను చూడకుండా తల తిప్పుకుంది.

ఆదివారం ప్రభాకర్ వాళ్ళ ఊరు వెళ్ళాడు. ఎండ మండిపోతోంది.

"నాయిన చేనుకి పోయిండు. ఒక్క అయిదు నిమిషాలు" అంది శ్రావణి గుమ్మంలోంచి, నవ్వు దాచుకోకుండా. పందిరి కింద మంచం వాల్చింది. నీళ్ళిచ్చింది. కాసేపటికి వచ్చి, "లే, నీడ జరిగింది" అని మంచం జరిపింది. మధ్యాహ్నమంతా నీడతో పాటు మంచం, మంచంతో పాటు ప్రభాకర్ జరుగుతూనే ఉన్నారు. అతను వచ్చీరాని కోయలో మాట్లాడితే కన్నమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

పొద్దు వాలాక పగిడయ్య వచ్చాడు. ప్రభాకర్ లేచి నిలబడ్డాడు.

"అడిగేది మొదట చెప్త పెద్దయ్యా. శ్రావణిని నాకియ్యండి. కారణం తర్వాత చెప్త."

పగిడయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏ గట్టోడివి?"

కోయల్లో ఒకే గట్టు అయితే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. ప్రభాకర్ తమ గట్టు చెప్పాడు. పగిడయ్య భార్యవైపు చూశాడు. ఆమె తలూపింది.

"మాది వేరే గట్టు. మరి పెద్దయ్యా అంటవేంది? మామా అనాలె" అన్నాడు.

"అందరు అందర్నీ అడిగిన్రు. నన్నెవరడిగిన్రు?" అంది శ్రావణి.

ప్రభాకర్ ఆమె వైపు తిరిగాడు. "నన్ను చేసుకుంటవా శ్రావణీ?"

"ఒక్క అయిదు నిమిషాలు" అని లోపలికి వెళ్ళిపోయింది.

"కూసో అల్లుడా" అన్నాడు పగిడయ్య మంచం చూపించి. "పొద్దు కూకినా ఎంతసేపైతదో చెప్పలేను."

కానీ టీ గ్లాసు పట్టుకుని ఆమె వెంటనే వచ్చేసింది.

"గింత జల్దీనా?" అన్నాడు ప్రభాకర్.

"నిలబెట్టుడు నీకు అలవాటు, నాకు కాదు" అంది. గ్లాసు అతని చేతిలో పెట్టి, వదలకుండా, చిన్నగా చెప్పింది.

"అవ్."