నోరిచ్‌కి మూడో ఓటు

జూన్ వస్తే ఈ ఎడారి దేశంలో, అల్ అజీజియా పేటలో తెలుగువాళ్ళ ఇళ్ళు సగానికి సగం ఖాళీ అవుతాయి. బడులకి సెలవులివ్వగానే ఆడవాళ్ళూ పిల్లలూ విజయవాడకో హైదరాబాదుకో విమానం ఎక్కేస్తారు. మగవాళ్ళు మిగులుతారు. మొదటి వారం స్వేచ్ఛ వచ్చినట్టే ఉంటుంది. రెండో వారానికి సింకు నిండా గిన్నెలు, ఫ్రిజ్‌లో పులిసిపోయిన సాంబారు, పలకరించే దిక్కులేని సాయంత్రాలు. నిరంజన్ ఫ్లాటూ అలాగే ఉంది. కాకపోతే ఆ గురువారం సాయంత్రం అతను మహా హుషారుగా ఉన్నాడు. ఈ ఏడాది ఊరు తనే ఎంచబోతున్నాడు మరి.

వెస్ట్ బేలో వీళ్ళందరిదీ ఒకే ఆఫీసు. నిరంజన్, అకౌంట్స్ పెద్దాయన కామేశ్వరరావు గారు, హైదరాబాదు కుర్రాళ్ళు మనీష్, ఫుర్ఖాన్. ఇళ్ళు ఖాళీ అయినప్పుడు ఐదు రోజులు యూరప్ పోయి రావడం వీళ్ళకి అలవాటు. దానికో పద్ధతి ఉంది. ఏదో ఒక ఊళ్ళో మకాం పెట్టాలి. పొద్దున్నే చిన్న రైలెక్కి, వచ్చిన ప్రతి స్టేషన్లోనూ దిగి, పక్కనున్న పబ్బులో తలా ఒక గ్లాసు కొట్టి, వెనకాల వచ్చే రైలెక్కాలి. సాయంత్రానికి రైలు ఊగుతోందో మనిషి ఊగుతున్నాడో తెలియకూడదు. ఏడాది పొడుగునా హోటల్ బారు గుమ్మంలో గుర్తింపు కార్డు చూపించి తాగేవాళ్ళకి ఆ సుఖమే వేరు.

ఈ పద్ధతి కనిపెట్టింది దానియాల్. విచిత్రం ఏమిటంటే, దానియాల్ చుక్క ముట్టడు. అతనికి రైళ్ళ పిచ్చి. పబ్బులో నిమ్మరసం సోడా తాగుతూ తర్వాతి రైలు ఎన్నింటికో చూసుకునేవాడు, తూలేవాళ్ళని రెక్క పట్టుకుని ఎక్కించేవాడు. యాత్రలు మొదలైన మూడేళ్ళూ ఊరు అతనే ఎంచాడు. మందు ముట్టనివాడు పబ్బుల యాత్రకి నాయకుడేమిటని నిరంజన్‌కి మొదటి ఏడాదే ఒళ్ళు మండింది. ఇద్దరిదీ గుంటూరే. ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకటే హోదా. అయినా ఎవరింట్లో ఏ శుభకార్యమైనా మొదటి ఫోను దానియాల్‌కి వెళ్ళేది. నిరంజన్‌కి మర్నాడు తెలిసేది.

ఫిబ్రవరిలో ఓ పొద్దున ఆఫీసు మెట్ల మీదే గుండె ఆగి దానియాల్ పోయాడు. ఖననానికి మూడొందల మంది వచ్చారు. నిరంజన్ కళ్ళు తుడుచుకుంటూనే ఆ జనాన్ని చూసి, నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాడు. అదీ మనిషి. చెడ్డవాడని కాదు, కుళ్ళు. ఎదుటివాడు చచ్చినంత మాత్రాన అది చల్లారలేదు.

ఆ సాయంత్రం ముగ్గురూ వచ్చి కూర్చున్నాక నిరంజన్ నెల రోజులు కూర్చుని తయారు చేసిన కాగితాలు బల్ల మీద పరిచాడు. ఇంగ్లండులో నోరిచ్ అనే ఊరు. అక్కణ్ణించి సముద్రం దాకా పోయే చిన్న రైలు. దారి పొడుగునా పబ్బులు.

“నోరిచ్ ఏందన్నా, నోరే తిరుగుతలేదు,” అని నవ్వాడు మనీష్. “యార్క్ పోదాం. దానియాల్ భాయ్ ఈసారి యార్కే అనుకున్నడు గదా. ఆయన పేరు మీద పోదాం.”

“సహీ బాత్,” అన్నాడు ఫుర్ఖాన్. “భాయ్ ఉంటే ఈపాటికి టికెట్లు గూడ అయిపోతుండె.”

“పోయినవాణ్ణి పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతారయ్యా!” నిరంజన్ గొంతు తనకే పరాయిగా వినిపించింది.

“ఎందుకయ్యా గొడవ,” అన్నారు కామేశ్వరరావు గారు. “గ్రూపులో ఓటింగ్ పెట్టండి. ఎక్కువ ఎటొస్తే అటు.”

ఆ గ్రూపూ దానియాల్ పెట్టిందే. అడ్మిన్ అతనొక్కడే. వేరే గ్రూపు పెడదామని మార్చిలో నిరంజన్ అంటే మనీష్ మూడు రోజులు మాట్లాడలేదు. కాబట్టి చచ్చిపోయిన మనిషి అడ్మిన్‌గా, నవ్వుతున్న ఫోటోతో సహా అందులోనే ఉన్నాడు. నిరంజన్ దాంట్లోనే ఓటింగ్ పెట్టాడు. యార్క్, నోరిచ్. కామేశ్వరరావు గారికి రెండు పెగ్గులు దగ్గరుండి పోసి ఆయన ఓటు ముందే ఖాయం చేసుకున్నాడు. నోరిచ్‌కి రెండు, యార్క్‌కి రెండు.

మనీష్‌ని ఎలా తిప్పుకోవాలా అని ఆలోచిస్తుండగా నాలుగు ఫోన్లూ ఒకేసారి టింగుమన్నాయి.

యార్క్‌కి మూడో ఓటు పడింది. పక్కన గుండ్రటి చిన్న ఫోటో. దానియాల్.

ఫుర్ఖాన్ చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. మనీషే ముందు తేరుకుని, “భాభీ ఏసినట్టున్నది. ఫోన్ ఆమె దగ్గరే ఉంటది గదా,” అన్నాడు. ఫుర్ఖాన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కామేశ్వరరావు గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుని, పోనీలేవయ్యా యార్కే పోదాం అన్నారు. నిరంజన్ మాత్రం బల్ల మీది నోరిచ్ కాగితాలు విసురుగా మడిచాడు. బతికున్నన్నాళ్ళూ గెలిచాడు. చచ్చి కూడా మూడు రెండు తేడాతో గెలిచాడు!

మర్నాడు శుక్రవారం. పదకొండు గంటలకే ఎండ నలభై ఏడు దాటింది. నిరంజన్ కారు తీసి దానియాల్ ఇల్లున్న అల్ ఖోర్ బయల్దేరాడు. దానియాల్ భార్య నజియాకి మర్యాదగా చెప్పి ఆ ఓటు వెనక్కి తీయించాలి. అంతే. అతనికి అప్పుడది పెద్ద తప్పుగా కూడా అనిపించలేదు.

అల్ ఖోర్ చేరేసరికి నమాజు వేళ. షాపుల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. వీధిలో పురుగు లేదు. దుమ్ము లేచి ఆకాశం గోధుమపిండి రంగులో ఉంది, ఎండ ఎటు నుంచి పడుతోందో తెలియడం లేదు, దేనికీ నీడ లేదు. మసీదు మైకులోంచి వస్తున్న మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మెట్లెక్కుతుంటే తన చెప్పుల చప్పుడు తనకే ఎక్కువగా వినిపించింది.

నజియా వాకిలి తలుపు తీసి అలాగే ఉంచేసింది. ఇంట్లో ఒంటరిగా ఉంది కనక. భర్త పోయాక గడప దాటకూడని ఇద్దత్ గడువు పోయిన వారమే అయిందట. పిల్లల్ని తమ్ముడితో ముందే గుంటూరు పంపించేసింది. హాలంతా కార్గో అట్టపెట్టెలు. తెరిచిన తలుపులోంచి వేడిగాలి వస్తోంది, గోడమీంచి ఏసీ చలిగాలి వస్తోంది. రెండింటి మధ్యా కూర్చోబెట్టింది.

అతను నసుగుతూ విషయం చెప్పాడు.

“ఓటేంటన్నయ్యా?” అంది నజియా. “నేనేమీ వెయ్యలేదే.”

లోపలికెళ్ళి బీరువాలోంచి ఫోను తెచ్చింది. నొక్కి చూపించింది, వెలగలేదు. సూదితో ఫోను అంచునున్న చిన్న అర తెరిచింది. సిమ్ లేదు.

“సిమ్ కంపెనీది కదా. బ్యాడ్జీతో పాటు మొదటి వారమే ఇచ్చేశాం. అప్పటినుంచీ దీనికి ఛార్జింగే పెట్టలేదు. ఏదీ, చూపించండి.”

నిరంజన్ తన ఫోను ఇచ్చాడు. ఆవిడ యార్క్ పక్కనున్న చిన్న ఫోటోని చాలాసేపు చూసింది. వేలితో తాకింది. భయపడుతుందనుకున్నాడు. భయపడలేదు. పెదవులు బిగుసుకున్నాయి.

“నాలుగు నెలల పద్దెనిమిది రోజులు అన్నయ్యా,” అంది మెల్లగా. “ఒక్కసారి కల్లోకి కూడా రాలేదు. రోజూ అడుగుతూనే పడుకుంటున్నాను. మీకు... మీకు ఓటేశాడా?”

ఆ గొంతులోది ఏమిటో నిరంజన్‌కి వెంటనే తెలిసింది. మూడేళ్ళుగా తన లోపల తిరుగుతున్నదే.

నజియా అతని ఫోనులోనే గ్రూపులో గబగబా టైపు చేసింది. ‘నేను నజియాని. నాకెందుకు రాయవు?’ పంపించేసింది.

ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఏసీ ఆగింది. మళ్ళీ మొదలైంది.

పైన, గ్రూపు పేరు కింద, చిన్న అక్షరాలు వచ్చాయి.

దానియాల్ టైప్ చేస్తున్నారు...

నజియా ఊపిరి పీల్చడం ఆపేసింది. అక్షరాలు పోయాయి. వచ్చాయి. మళ్ళీ పోయాయి. బీరువాలోంచి తెచ్చిన ఫోను నల్లటి ముఖంతో ఇద్దరి మధ్యా బల్ల మీద పడి ఉంది.

మెసేజి రాలేదు. యార్క్ పక్కనున్న ఫోటో మాయమైంది. నోరిచ్ పక్కన కనిపించింది. నోరిచ్‌కి మూడు, యార్క్‌కి రెండు.

వెన్నులో చలి పాకుతున్న ఆ క్షణంలో కూడా నిరంజన్‌కి లోపలెక్కడో సంతోషం పొంగింది. గెలిచాను! మొహం మీద నవ్వు వచ్చేసింది. ఆపుకునేలోపే నజియా చూసింది.

“ఓహో,” అంది. “అయితే మీతో వస్తున్నాడన్నమాట. నాకో మాట రాయడానికి తీరిక లేదు గానీ, మీ వెంట తిరగడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధమే.” లేచి నల్ల ఫోను అతని చేతిలో పెట్టేసింది. “ఇది కూడా తీసుకెళ్ళండి. నాకొద్దు.”

“నజియా గారూ, వినండి...”

“వెళ్ళండన్నయ్యా. ఇద్దరూ వెళ్ళండి.”

తలుపు మూసుకుంది. లోపల్నుంచి ఏడుపు వినిపించలేదు. టేపు చించి పెట్టెలు అంటిస్తున్న చప్పుడు వినిపించింది.

కార్లో కూర్చుని ఆ ఫోను పక్కసీట్లో పడేసి బయల్దేరాడు. హైవే ఎక్కగానే టంగ్, టంగ్, టంగ్ అని కారు మోగడం మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు. పక్కసీటు మనిషి బెల్టు పెట్టుకోలేదని.

ఫోను బరువుకే అనుకున్నాడు. దాన్ని తీసి వెనక సీట్లోకి విసిరాడు. మోత ఆగలేదు. సీటు మీద అరచేత్తో తట్టాడు. ఏసీ గాలికి తోలు చల్లగా ఉంది... నడిమధ్య మాత్రం గోరువెచ్చగా ఉంది. దుమ్ము దట్టమైంది. ముందు వెళ్తున్న లారీ కనబడకుండా పోయింది. కారులో ఎక్కడినుంచో నిమ్మకాయ పిండినట్టు వాసన.

టంగ్. టంగ్. టంగ్.

కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. పక్కసీటు బెల్టు లాగి, ఖాళీ సీటు మీదుగా తెచ్చి, బిగించాడు.

మోత ఆగిపోయింది.

బెల్టు సీటుకి ఆని లేదు. జానెడు ఎత్తున, ముందుకి వంపు తిరిగి ఉంది.

నిరంజన్ అటు చూడకుండా తన ఫోను తీశాడు. గ్రూపు నిండా మెసేజిలు. ‘భాభీ, ఏమైంది?’ అని మనీష్. ‘నిరంజనూ, నోరిచ్ గెలిచిందయ్యా!’ అని కామేశ్వరరావు గారు. నెల రోజులుగా ఆ ఒక్క మాట కోసమే చచ్చిపోయాడు. ఇప్పుడు దాన్ని చదివితే సంతోషం పొంగలేదు.

“నాకొద్దు,” అన్నాడు గుసగుసగా, గాలిలోకి. “నువ్వే గెలిచావు దానియాల్. యార్క్‌కే పోండి. వాళ్ళతోనే పో... నన్నొదిలెయ్.”

‘నేను రావడం లేదు. అందరూ యార్క్ వెళ్ళండి’ అని గ్రూపులో రాశాడు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. మూడేళ్ళ కుళ్ళు అక్కడే దిగిపోయినట్టు, ఎన్నాళ్ళకో ఊపిరాడింది. వాసన లేదు. బెల్టు కూడా సీటుకి ఆనుకుని, ఖాళీగా, మామూలుగా ఉంది. తన ఫోను డ్యాష్‌బోర్డు మీద స్టాండులో పెట్టి కారు రోడ్డెక్కించాడు.

కిలోమీటరు దాటిందో లేదో ఫోను టింగుమంది.

దానియాల్ ‘నోరిచ్’ గ్రూపును సృష్టించారు.

దానియాల్ మిమ్మల్ని చేర్చారు.

సభ్యులు: ఇద్దరు.

నిరంజన్ రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. చదవకూడదనుకున్నాడు. కళ్ళు ఆగలేదు. అందులో ఓటింగ్ ఒకటి వచ్చింది. ప్రశ్న: ఎప్పుడు బయల్దేరదాం? కింద ఒకటే జవాబు. ‘ఇప్పుడే.’

పక్కన నవ్వుతున్న గుండ్రటి ఫోటో. ఒక ఓటు.

ఎదురుగా దుమ్ములోంచి, దారి మధ్యలో, రెండు దీపాలు కనబడ్డాయి. లారీవా... ఇంకేవైనా...

మళ్ళీ టింగుమంది. దానియాల్ ఫోటో పక్కన ఇంకో ఫోటో వచ్చి చేరింది. కిందటేడు రైలు తలుపు దగ్గర నిలబడి నిరంజన్ తీయించుకున్నది. రెండు ఓట్లు.

ఫోను స్టాండులోనే ఉంది. అతని రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.